గంజాము తెనుగిండ్ల బొంతల పెట్టె

ఇంటి పెద్దలు గతించిన పిమ్మట బిడ్డలు కూర్చుండి పంచుకొను వస్తువులకు ఒక క్రమము కలదు. ఇల్లు, పొలము దస్తావేజులను బట్టి తెమలును. బంగారము తూకమును బట్టి తెమలును. ఇత్తడి సామాను మాటామంతిని బట్టి తెమలును. ఇవన్నియు ముగిసిన తరువాత అటకమీదనో, మంచము క్రిందనో ఒక రేకుపెట్టె మిగులును. మూత తెరచినచో మడతపెట్టిన పాతచీరలు, కత్తిరించి యుంచిన అంచులు, గుడ్డముక్కల మూటలు, నూలు ఉండలు, తుప్పుపట్టిన కత్తెర, సూదులు గ్రుచ్చిన పేలిక, సగము కుట్టి విడిచిన బొంత ఒకటి కనబడును. నాయనమ్మయో, అమ్మమ్మయో ఏండ్ల తరబడి కూర్చిన సొత్తు అది. నాకిమ్మని అడుగువారుండరు, పారవేయుమనుటకు నోరాడదు. తుదకు పాతబట్టలకు స్టీలుగిన్నె లిచ్చువాడు వీధిలో కేక వేసిన దినమున దాని కథ ముగియును.

ఈ పెట్టెను ఏమి చేయవలెనన్నది చిన్న ప్రశ్నయని తోచవచ్చును. ఒడిస్సాలో తరతరాలుగా స్థిరపడిన మనకు మాత్రము అది చిన్నది కాదు.

బొంత పేదరికపు గురుతని కొందరు చిన్నచూపు చూతురు. అది పొదుపునకు గురుతు. ఓర్పునకు అంతకంటె పెద్ద గురుతు. వాడి వాడి మెత్తబడిన నూలుచీరలను ఉదికి, ఆరవేసి, చాపమీద పొరలు పొరలుగా పరచుదురు. చినిగిన చోట్ల లోపల ముక్కలను సర్దుదురు. కదలకుండ ముందు పొడుగు పోగులు వేసి, పిదప అంచునుండి నడిమికి వరుసలు తీర్చుచు కుట్టుదురు. పసిబిడ్డ క్రింద పరచుటకు దానిని మించిన మెత్తన లేదు. దీనినే మన పొరుగువారైన ఓఢ్రులు ‘కంథా’ యందురు. వంగదేశమునను అదే పేరు. సంస్కృతములోని ‘కంథ’ మన కావ్యభాషలోను కలదు. ఐనను మన ఇండ్లలో నిలిచిన మాట బొంతయే. ఒకే వస్తువునకు వీధిలో ఒక పేరు, వంటింటిలో మరియొక పేరు వాడుచు బ్రతికిన కుటుంబములు మనవి.

ఆ పెట్టెలోని ముక్కలు ఎక్కడివో యోచించిన, అవి ఈ జిల్లా చరిత్రను చెప్పును. గంజాము ఉత్తర సర్కారులలోనిది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వలన, 1766లో నిజాముతో జరిగిన సంధి వలన సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దక్కినవి. అటుపై గంజాము చిరకాలము మద్రాసు రాజధానిలో నుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురము అందులో చేరెను. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ప్రాంతములు మద్రాసులో నిలిచెను. గీత భూమిమీద పడినది గాని చుట్టరికములమీద పడలేదు. 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి గారు భారత రాష్ట్రపతి యైరి. ఆయనవంటి తెనుగు కుటుంబములు ఈ ఊరిలో ఎన్నియో. కోడండ్రు ఆవలినుండి వచ్చిరి. ఆడపడుచులు ఆవలికి వెళ్లిరి. వారితోపాటు బట్టయు ప్రయాణము చేసెను.

కాబట్టి అట్టి పెట్టెలో పొందూరు సన్ననూలు ముక్క దొరకినచో వింత లేదు. వాలుగచేప దవడతో దూదిని దువ్వి వడికిన నూలు అది. శ్రీకాకుళమునుండి వచ్చిన కోడలి పుట్టినింటి జ్ఞాపకము కావచ్చును. దాని ప్రక్కనే బరంపురపు పట్టు అంచు ఉండవచ్చును. గుడిగోపురముల వరుసవంటి ‘ఫోడ కుంభ’ అంచు ఆ పట్టునకు ఆనవాలు. చీరయు, మగవారి ధోవతి ఉత్తరీయములుగల ‘జోడ’యు నేడు భౌగోళిక గుర్తింపు పొందినవి. వానిని నేయు దేరావారు తెనుగుదేశమునుండి వచ్చిన దేవాంగులే. చీర చినిగినను అంచు చినుగదు. దానిని విప్పి దాచుట గృహిణుల అలవాటు.

వేరొక ముక్క సముద్రము దాటి వచ్చినదై యుండవచ్చును. గోపాలపురము రేవున ఓడలెక్కి ఈ జిల్లావారు, తెనుగువారును ఓఢ్రులును, వేలకొలదిగా రంగూనునకు కూలికి పోయిరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినపుడు అనేకులు చేతికందినది పట్టుకొని తిరిగి వచ్చిరి. అట్లు వచ్చిన లుంగీముక్క ఒకటి బొంతలో అతుకై యున్నచో, అది ఆ ఇంటివారి ప్రవాసమునకు మిగిలిన ఏకైక పత్రము కావచ్చును.

ఐతే ముక్క తనంత తాను మాటాడదు. ఇది ఫలానావారి పెండ్లిచీర అని చెప్పు నోరున్నంతకాలమే అది చరిత్ర. ఆ నోరు మూతపడిన దినమున గుడ్డపేలిక. వంగదేశమున గురుసదయ దత్తుగారు పల్లెల కంథలను సేకరించి కాపాడిరి. కలకత్తా చెంత ఆయన పేర వెలసిన ప్రదర్శనశాలలో మానదాసుందరి యను నామె తన తండ్రికై కుట్టిన కంథ కలదు. ఆమె తన మాటను గుడ్డమీదనే అక్షరములుగా కుట్టెను. కనుక నేటికిని ఆమె పేరు తెలియుచున్నది. మన అవ్వలలో అట్లు పేరు కుట్టుకొన్నవారు అరుదు. వారి పనికి పేరు పెట్టవలసినవారము మనమే.

ఇందుకు మార్గదర్శి నాటి గంజాము జిల్లాలోనే కలడు. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, వ్రాతలేని సవరభాషను సవరల నోటనే విని నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. మాట బ్రతికియుండగనే వ్రాసికొనవలెను, వస్తువునకును అదే ధర్మము.

కావున పెట్టెను పంచుటకు ముందు ఒక దినము కేటాయింపవలెను. ముక్కలన్నిటిని పరచి, ఇంటిలో మిగిలిన పెద్ద ముత్తైదువనో, మేనత్తనో, వేరే ఊరనున్న ఆడపడుచునో అడిగి, ఏది ఎవరిదో వ్రాసికొనవలెను. మన పిల్లలలో పలువురు ఒడియా చదువుదురు గాని తెనుగక్షరములు కూడబలుకుకొందురు. కనుక రెండు లిపులలోను వ్రాయుట మేలు. ఛాయాచిత్రములు తీయుట మరియు మేలు.

ఆ మీద విభజన సులువగును. కథ తెలిసిన ముక్కలు, కుట్టిన బొంతలు ఇంటనే యుండవలెను. కుట్టు ముగిసిన బొంతను వాటాలకై కోయరాదు. ఏటేట ఒక ఇంట ఉండునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. కథ లేని బట్ట, నూలు, పనికివచ్చు కత్తెర కుట్టుపని చేయు చేతులకు చేరవలెను. ఆ చేయి తెనుగుదా, ఒడియాదా యని విచారింప బనిలేదు. అతుకుపనిలో పేరుపొందిన పిపిలి, ఖల్లికోట మనకు పొరుగూళ్లే. మిక్కిలి అరుదైన పట్టు అంచులు, పాత బొంతలు ఉన్నచో 2018లో భువనేశ్వరమున తెరచిన కళాభూమి వంటి ప్రదర్శనశాలవారికి ముందుగా వ్రాసి, వారు కోరినచో వివరము జతపరచి ఈయవలెను. తుప్పుపట్టిన సూదులను మాత్రము నిర్దాక్షిణ్యముగా తీసివేయవలెను. వాని మరక బట్టను తినివేయును.

దాచుకొనువారు సముద్రపు గాలిని మరువరాదు. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిను తుపాను, 2018లో వచ్చిన తిత్లీ మనకు క్రొత్త పాఠములు కావు. పెట్టెను నేలమీద గాక ఎత్తుపై నుంచవలెను. ప్లాస్టిక్కు సంచిలో గాక ఉదికిన నూలుగుడ్డలో చుట్టవలెను. ఏటికి రెండుసారులు తీసి, నీడను ఆరబెట్టి, మడత మార్చవలెను. పట్టు పాతమడత వెంటనే చిరుగును.

ఇక సగము కుట్టిన ఆ బొంత. దానిని తాకక అట్లే పూజింపవలెనని కొందరందురు. మా అభిప్రాయము వేరు. కుట్టిన యామె గుడ్డను పూజించి దాచినది కాదు. కత్తిరించి, అతికి, పనికి పెట్టినది. ఆమె కుట్టు ఎంతవరకో గురుతుండునట్లు వేరొక రంగుదారముతో మిగిలిన సగము కుట్టవలెను. కుట్టు తిన్నగా రాకపోవచ్చును; వంకరయైనను విచారము లేదు. ఇంటి కోడలు ఒడియా పిల్లయైనచో ఆమెయు ఒక వరుస కుట్టవచ్చును. అది ఆమె నోట కంథయే కానిండు. దానిపై పండుకొను బిడ్డకు బొంత యను మాట వినబడినచో చాలును.