సెస్నా 208 కారవాన్ విమానాన్ని దించే పద్ధతి

సెస్నా 208 కారవాన్ అమెరికాలో తయారయ్యే ఒంటి ఇంజను టర్బోప్రాప్ విమానము. ఇది మొదటిసారి 1982లో ఎగిరింది. జెట్ ఇంజనులో వలె వేడి వాయువులతో తిరిగే టర్బైను, గేర్ల ద్వారా ప్రొపెల్లరును త్రిప్పే విమానాన్ని టర్బోప్రాప్ అంటారు. 2013లో హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో శిక్షణకై ప్రవేశపెట్టిన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 కూడా ఈ తరగతికి చెందినదే. ఇటువంటి విమానాన్ని దించునప్పుడు ఇంజను శక్తిని ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నదే ముఖ్యమైన విషయము.

రన్‌వేను సమీపించుట

ఫ్లాపులను పూర్తిగా, అనగా 30 డిగ్రీలకు దించి, 75 నుండి 85 నాట్ల వేగంతో (గంటకు సుమారు 140 నుండి 157 కి.మీ.) రన్‌వేను సమీపిస్తారు. 3 డిగ్రీల వాలులో ఈ వేగానికి విమానము నిమిషానికి సుమారు 400 అడుగులు దిగుతుంది. ప్రొపెల్లర్ లీవరును పూర్తిగా ముందుకు నెట్టి ఉంచుతారు.

శక్తిని తగ్గించుట

పవర్ లీవరును ఒక్కసారిగా ఐడిల్ స్థానానికి లాగితే ప్రొపెల్లర్ బ్లేడ్లు గాలికి అడ్డంగా తిరిగి, పెద్ద పళ్ళెము వలె విమానాన్ని వెనక్కు లాగుతాయి. అప్పుడు విమానము వేగంగా క్రిందికి కుంగుతుంది. తిరిగి శక్తి పెంచినా, టర్బైను వేగము పుంజుకొనుటకు కొన్ని క్షణాలు పడుతుంది. నేల దగ్గర అంత వ్యవధి ఉండదు. కావున ముక్కును మెల్లగా పైకెత్తుతూ, శక్తిని క్రమంగా తగ్గిస్తూ, ముందుగా ప్రధాన చక్రాలను, తరువాత ముందు చక్రాన్ని నేలకు ఆనిస్తారు.

నేలను తాకిన తరువాత

అప్పుడు మాత్రమే పవర్ లీవరును ఐడిల్ దాటించి వెనుకనున్న 'బీటా' స్థానానికి తెస్తారు. గాలిలో ప్రమాదకరమైన ఆ అడ్డమే ఇక్కడ బ్రేకుగా ఉపయోగపడుతుంది. అవసరమైతే బ్లేడ్ల కోణాన్ని ఇంకా మార్చి గాలిని ముందుకు నెట్టవచ్చును. మట్టి రన్‌వేలపై లేచే రాళ్ళు బ్లేడ్లను దెబ్బతీస్తాయి కనుక దీనిని మితంగా వాడతారు. గాలిలో ఉండగా బీటాను వాడుట నిషిద్ధము. వాడితే విమానము అదుపు తప్పగలదు.

దిగుట విరమించుట

సమీపించిన తీరు సరిగా లేకపోతే దిగకుండా తిరిగి పైకి లేవాలి. శక్తిని పెంచినపుడు ముక్కు ఎడమకు మళ్ళుతుంది కనుక కుడి రడ్డర్ పెడలు త్రొక్కాలి. ఫ్లాపులను మొదట 20 డిగ్రీలకు తెచ్చి, వేగము పెరిగిన తరువాతనే పూర్తిగా ముడుస్తారు.

పై వేగాలు విమానపు బరువును, గాలిని బట్టి మారుతాయి. పైలట్లు ఆయా విమానపు అధికారిక చేతిపుస్తకాన్నే అనుసరించాలి.