తిరుమల కొండలో గ్రంథపాతము

కొడవలూరు వరిపొలముల నడుమనుండు గ్రామము. ఇచ్చటి పిల్లలకు సముద్రము తెలియునుగాని కొండ తెలియదు. వారు మొదట నెక్కు కొండ ప్రాయికముగా తిరుమలయే. మేమును కుటుంబసహితముగా గూడూరు మీదుగా రైలులో తిరుపతి చేరి, అలిపిరి మెట్లదారిని కొండ నెక్కి, మరునాడు బస్సులో దిగుచుంటిమి. ఒక మలుపున మా చిన్నమ్మాయి దారికై తెగగొట్టిన చరియను జూపి, "నాన్నగారూ, ఈ రాతి నడుమ గీత నెవరు గీసినారు?" అని యడిగినది. బస్సులో దానికి తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పుచున్నాము.

గీతకు క్రిందనున్నది ముఖ్యముగా గ్రానైటు. అది భూమిలోతున కరగియుండి, మెల్లగా చల్లారి గట్టిపడిన శిల. దాని వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరములు. పైనున్నది క్వార్ట్‌జైటు. అది ఒకప్పుడు నీటియడుగున పొరలుపొరలుగా పేరుకొన్న యిసుక; ఒత్తిడిచే బిగిసి రాయియైనది. తిరుపతి వీధిలో నిలిచి చూచినను ఈ భేదము కానవచ్చును. కొండ క్రిందిభాగము వాలుగా దిగును. పైభాగము కోటగోడవలె నిట్టనిలువుగా నుండును. ఈ పైశిలలు కడప సీమయందు విస్తరించిన శిలాసముదాయములోనివి. ఆ సముదాయమును గూర్చి 1872లో విలియం కింగ్ రచించిన గ్రంథమును భారత భూగర్భశాఖవారు ప్రకటించిరి.

లోతున పుట్టిన గ్రానైటు బయటపడవలెనన్న, దానిపైనున్న భూమి యంతయు వానలకు, గాలికి అరిగి కొట్టుకొనిపోవలెను. అటుపిమ్మటగాని దానిమీద నీరు నిలువదు, ఇసుక పేరదు. ఈ నడిమి కాలము సుమారు 80 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల యంచనా. ఆ కాలమునకు ఇచ్చట మిగిలిన గుర్తు ఆ గీత యొక్కటియే. భూగర్భశాఖవారు దానిని జాతీయ స్మారకముగా ప్రకటించియున్నారు. 1788లో స్కాట్లండు తీరమున జేమ్స్ హట్టన్ ఇట్టి సంధినే చూచి, భూమి వయస్సు మనుష్యులు తలచినదానికంటె మిక్కిలి పెద్దదని గ్రహించెను.

మనవారికి దీర్ఘకాలగణనము కొత్తదిగాదు. సంకల్పమునందు నిత్యము మన్వంతరమును స్మరింతుము. పౌరాణిక గణనమున మన్వంతరమునకు 30 కోట్ల 67 లక్షల 20 వేల సంవత్సరములు. కొండలోని యా గీత రెండున్నర మన్వంతరములకు మించినది! నోట నిత్యము పలుకు కాలము కన్నుల కెదుట నున్నను, మనము తల యెత్తి చూడము.

మైపాడు తీరమున అల వెనుదిరిగినపుడు ఇసుకపై సన్నని మడతలు మిగులును. కడప శిలలలో పెక్కుచోట్ల అట్టి మడతలే రాతియందు నిలిచియున్నవి. ఒక్కటే భేదము: మన తీరమున నత్తగుల్లలు, ఆలిచిప్పలు కాలికి తగులును, ఆ ప్రాచీనపు టిసుకలో ఒక్క చిప్పయు లేదు. చిప్పలుగల జంతువు లప్పటికి పుట్టనేలేదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. తాళపత్రమున ఆకు పోయినచోట, నిజాయతీగల పరిష్కర్త "గ్రంథపాతము" అని వ్రాసి యూరకుండును; తన పద్యము నచ్చట చేర్చడు. కొండయు నట్లే చేసినది. మన గ్రామచరిత్రలు, వంశచరిత్రలు వ్రాయువారిలో కొందఱికి ఈ యోర్పు లేదు. శాసనము లేని శతాబ్దములను కల్పిత వంశావళులతో నింపుదురు. ఆ కల్పన వినోదముతో నాగిన బాధలేదు. దానినిబట్టియే మా కులము హెచ్చు, మీ కులము తగ్గు అని తగవులాడుదురు. సాటిమనుష్యుని గడపవెలుపల నిలుపుదురు. తెలియనిచోట తెలియదని వ్రాసియుండినచో ఈ యన్యాయమునకు ఒక యాధారమైనను తగ్గియుండెడిది.

కొండ పుట్టుక నిట్లు విచారించుట భక్తికి లోపమని కొందఱు తలంతురేమో. అన్ని కోట్ల యేండ్ల నిర్మాణమును కన్నార చూచి చేయు నమస్కారము, చూడక చేయు నమస్కారముకంటె తక్కువదని మాకు తోపదు.

కావున తిరుమలకు బోవు గృహస్థులారా, గృహిణులారా, కొండ దిగునప్పుడు పిల్లలను కిటికీప్రక్కను గూర్చుండబెట్టుడు. గీత కనబడినపుడు చూపుడు. అది యెవరు గీసినారని యడిగినచో, వాన గీసిన దనుడు. నడుమ నేమి జరిగెనని యడిగినచో, ఆ యాకు పోయినదని నిజము చెప్పుడు.