అతుకుల్లో కురిసే ఇల్లు

1885లో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు బ్రిస్టల్‌లోని వ్యాగన్ల కర్మాగారంలో తన కోసం ఒక ఇంటిబండి కట్టించుకున్నాడు. పేరు ‘వాండరర్’. మహాగని, మేపుల్ చెక్కలతో చేసిన ఆ రెండు టన్నుల బండిని రెండు గుర్రాలు లాగేవి. బ్రిటన్‌లో విహారం కోసమే కట్టిన తొలి కారవాన్లలో ఒకటిగా పేరుపొందిన ఆ బండి నేటికీ నిలిచి ఉంది. దానికి నూరేళ్ల తర్వాత తయారైన, కారు లాగే టూరింగ్ కారవాన్లు మాత్రం ఎన్నో లోలోపల పుచ్చి తుక్కుకు పోయాయి. పాతవాళ్ల పని గట్టిది, తర్వాతివాళ్ల పని నాసి అని తేల్చేయడం తేలిక. నాకది న్యాయమైన తీర్పుగా తోచదు. కారవాన్ తేలికయ్యే క్రమంలో వానను ఆపే బాధ్యత చెక్క నుంచి అతుకుల్లో పెట్టే మాస్టిక్ అనే మెత్తటి ముద్దకు బదిలీ అయింది. మాస్టిక్‌కు ఆయుష్షు తక్కువ. కురిసే కారవాన్‌ను బాగుచేయడమంటే ఆ అతుకును విప్పి కొత్తగా వేయడమే తప్ప, పైన పూత పూయడం కాదు.

గుర్రం స్థానంలోకి కారు రాగానే లెక్క మారింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన ఎకల్స్ సంస్థ కారు వెనక తగిలించే కారవాన్లను అమ్మకానికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సామ్ ఆల్పర్ ‘స్ప్రైట్’ పేరుతో చవక కారవాన్లు చేశాడు. సెలవుల్లో ఊళ్లు తిరగడం మామూలు జీతగాళ్ల కుటుంబాలకూ అందిందంటే, చిన్న కారు లాగగలిగిన ఆ తేలికదనం వల్లే. అందుకే దాన్ని లోపంగా చూడలేను. అయితే దాని కట్టుబడి ఎలాంటిదో తెలుసుకోవాలి. సన్నటి రీపర్లతో చట్రం, బయట పలుచటి అల్యూమినియం రేకు, లోపల సుమారు 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో థర్మోకోల్ లాంటి పదార్థం. గోడ రేకూ కప్పు రేకూ కలిసే అంచు మీద మాస్టిక్ పరిచి, దానిపై పొడవాటి అల్యూమినియం పట్టీ పెట్టి, రేకులోంచి రీపరులోకి స్క్రూలు బిగిస్తారు. బయట వేసుకునే గుడారం అంచును దూర్చే ఆనింగ్ రైల్ ఇదే. ప్రతి స్క్రూ చెక్కలోకి ఒక రంధ్రం. వాననీటికీ ఆ రంధ్రానికీ మధ్య ఉన్న అడ్డు ఆ మెత్తటి మాస్టిక్ ఒక్కటే. 5 మీటర్ల అల్యూమినియం పట్టీ 30 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కిందున్న చెక్క పొడవునా ఒక మిల్లీమీటరైనా కదలదు. దీనికి రోడ్డు కుదుపులు తోడు. కొత్తలో మాస్టిక్ ఈ పెనుగులాటకు తగ్గట్టు సాగుతుంది. ఎండి బిగుసుకున్నాక పగులుతుంది.

లోపలి చెమ్మంతా వానది కాదనీ, మనుషుల ఊపిరి, వంట ఆవిరి చల్లటి గోడకు పట్టి నీరవుతాయనీ కొందరంటారు. అందులో నిజముంది. ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కానీ ఆ చెమ్మ అద్దాల మీద, అల్మారాల వెనక పల్చగా కనబడి, గాలి ఆడితే ఆరిపోతుంది. కురిసిన నీరు అలా పోదు. ఒకేచోట కూర్చుంటుంది, వాన తర్వాత పెరుగుతుంది, వేలితో నొక్కితే గోడ మెత్తగా దిగుతుంది. చెమ్మను కొలిచే డ్యాంప్ మీటర్ 15 శాతం లోపు చూపితే చింత లేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిచిందంటే పుచ్చు పట్టించే బూజుకు చోటు దొరికినట్టే. అయితే మీటర్ చెప్పేది నీరు చేరిన చోటు, చొరబడిన చోటు కాదు. కప్పు అంచున దిగిన నీరు రీపరు వెంట జారి, ఎక్కడో నేల మూలన తేలుతుంది. గోడకు అంటించిన వినైల్ కాగితం ఈలోగా దాన్ని కప్పిపుచ్చుతుంది.

అందుకే పట్టీ అంచున సిలికాన్ పూసి ఊరుకునే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఇప్పటి సిలికాన్ మంచిదే కదా, ఏళ్ల తరబడి ఉంటుంది కదా అనవచ్చు. సరిగ్గా అదే చిక్కు. పాత మాస్టిక్ లోపల చచ్చే ఉంటుంది. ఇంకోచోట నుంచి దిగిన నీటికి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. సిలికాన్ జిడ్డు ఉన్నచోట రేపు మరే మాస్టిక్కూ అంటదు. సరైన పని నిదానమైనది: పట్టీ ఊడదీయాలి, పాత మాస్టిక్‌ను రేకు మెరిసేదాకా గీకాలి, లోపలి ప్లైవుడ్ తీసి పుచ్చిన రీపరును గట్టి చెక్క తగిలేదాకా కోసి కొత్త ముక్క అతకాలి. చట్రం ఆరేదాకా మూయకూడదు. అది రోజులు కాదు, వారాలు పట్టవచ్చు. ఆపైన గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్ పరిచి, అల్యూమినియం పట్టీని మళ్లీ పెట్టి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు బిగించాలి.

ఇంత కూలి పెడితే బండి ధర కంటే ఖర్చే ఎక్కువవుతుందన్నది బలమైన అభ్యంతరం. వర్క్‌షాపుకు ఇస్తే నిజమే. కానీ ఖర్చులో సింహభాగం సమయానిదే, సామానుది కాదు. చట్రం పుచ్చకముందే ఆనింగ్ రైల్ ఒక్కటి విప్పి బిగిస్తే ఆ సమయమూ అంత పట్టదు. పుచ్చేదాకా ఆగినప్పుడే లెక్క తప్పుతుంది. చెక్కనే తీసేస్తే పీడ పోతుంది కదా అన్నది మరో వాదం. 2010 తర్వాత బ్రిటిష్ తయారీదారులు చెక్క లేని చట్రాల వైపు మళ్లారు కూడా. వాటికి పుచ్చు పట్టదు, అది పెద్ద మేలు. కానీ కిటికీకీ, దీపానికీ, కప్పు మీది గాలిదారికీ వాటి గోడల్లోనూ రంధ్రం కోయాల్సిందే, ఆ రంధ్రం చుట్టూ మళ్లీ మాస్టిక్ పెట్టాల్సిందే.