ప్యారిసుకు వెళ్ళిన ఇమాము

మన పిల్లల చదువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పెద్దలలో ఒక జంకు కనిపిస్తుంది. పరాయి ఊళ్ళో, పరాయివాళ్ళ మధ్య వదిలితే దీన్ ఏమవుతుందో, తహజీబ్ ఏమవుతుందో అని. ఈ జంకు కొత్తది కాదు. దాదాపు 200 ఏళ్ళ క్రితం ఈజిప్టు ముస్లిములకూ ఇదే ప్రశ్న ఎదురైంది. విద్యకోసం చీనాకైనా పోవాలన్న మాటను మన సభలలో హదీసుగా తరచు వింటాము గాని, హదీసు పండితులు దానికి బలమైన ఆధారం లేదన్నారు. లేకపోయినా ఫరవాలేదు. ఇమాం బుఖారీ వంటి మహనీయులు ఊరూరా తిరిగే కదా విద్య సంపాదించింది!

1798లో నెపోలియన్ సైన్యం ఈజిప్టు మీదికి వచ్చింది, 1801లో తిరిగిపోయింది. తరువాత పాలకుడైన ముహమ్మద్ అలీ పాషాకు ఇంజనీర్లు, వైద్యులు, సేనానులు కావలసివచ్చారు. అందుకని 1826లో నలభైమందికి పైగా యువకులను ప్యారిసుకు పంపించాడు. వారిలో చాలామంది తుర్కీ మాట్లాడే కుటుంబాలవారు. వారిచేత నమాజు చేయించడానికి, దీన్ విషయాలు చెప్పడానికి ఇమాములు కూడా ఉండాలి గదా! అల్ అజ్హర్ పండితుడు షేఖ్ హసన్ అత్తార్ తన శిష్యుడొకనిని సిఫారసు చేశారు. ఆయన పేరు రిఫాఆ తహ్తావీ. 1801లో ఎగువ ఈజిప్టులోని తహ్తాలో పుట్టిన మౌల్వీ. అంటే ఆయనను పంపింది చదువుకోవడానికి కాదు, చదువుకొనేవాళ్ళకు కాపుగా. కాని వెళ్ళేముందు గురువుగారు ఒక మంచి మాట చెప్పారు: చూసినదంతా రాసిపెట్టుకో అని.

అలెగ్జాండ్రియాలో ఓడ ఎక్కి మార్సెయి రేవులో దిగారు. అంటురోగాల భయంతో కొన్నాళ్ళు ఊరి బయటే ఉంచారు. అక్కడే మొదటి పాఠం మొదలైంది. కూర్చోవడానికి కుర్చీలు, తినడానికి ఎత్తైన బల్ల, ఒక్కొక్కరికి ఒక్కొక్క పళ్ళెం, ముళ్ళచెంచా. నేలమీద దస్తర్‌ఖాన్ పరచుకొని కలిసి తినేవాళ్ళకు ఇది ఎంత వింతో వేరే చెప్పాలా? తరువాత ఊళ్ళో ఒక కాఫీ హోటలుకు వెళితే, లోపల జనం కిటకిటలాడుతున్నట్లు కనబడిందట. తీరా చూస్తే అవి గోడలకున్న అద్దాలు. తన ముఖమే తనకు ఎదురైన తరువాత గాని మౌల్వీగారికి సంగతి తెలియలేదు. ఈ ముచ్చటను దాచుకోకుండా ఆయనే రాశారు.

ప్యారిసులో జోమార్ అనే పండితుడు వీరికి పర్యవేక్షకుడు. మొదట అందరినీ ఒకే ఇంట్లో ఉంచి ఫ్రెంచి నేర్పించారు. ఏడాదికి దగ్గరపడుతున్నా వ్యాకరణం తప్ప పెద్దగా ఒంటబట్టలేదు. ఎలా ఒంటబడుతుంది? పొద్దస్తమానం తమలో తాము తమ భాషలోనే మాట్లాడుకొంటూ ఉంటే ప్యారిసులో ఉన్నా కైరోలో ఉన్నా ఒకటే. అప్పుడు వారిని విడదీశారు. ఒక్కో పాఠశాలకు ఇద్దరిని, ముగ్గురిని, కొన్నిచోట్ల ఒక్కరినే, ఫ్రెంచి పిల్లల మధ్య పెట్టారు. కొందరిని ఉపాధ్యాయుల ఇళ్ళలోనే ఉంచారు. చదువు నిజంగా సాగింది అప్పటినుంచే. ఈజిప్టు ఖజానా డబ్బు అంతకుముందూ ఖర్చయింది, తరువాతా ఖర్చయింది. తేడా తెచ్చింది ఈ విడదీయటమే. మన బళ్ళలో యాభైమందిని ఒక బస్సులో కుక్కి, గంటలో మ్యూజియం, గంటలో జూ చూపించి సాయంత్రానికి తిరిగి తెచ్చే విహారయాత్రలను తలచుకొంటే నాకు జోమార్ మొదటి ఏడాది గుర్తుకు వస్తుంది.

కాపుగా వెళ్ళిన ఇమాము అందరికంటే గట్టి విద్యార్థి అయ్యారు. తన జీతం డబ్బుతో పుస్తకాలు కొన్నారు, అదనంగా ఒక ఉపాధ్యాయుని పెట్టుకొన్నారు. రాత్రిళ్ళు చదివి చదివి ఎడమ కన్ను దెబ్బతిన్నది. అయినా మానలేదు. 1830 జూలైలో ప్యారిసు ప్రజలు రాజును దించివేయడం కళ్ళారా చూశారు. ఫ్రెంచి రాజ్యాంగ పత్రాన్ని అరబ్బీలోకి మార్చారు. మరి దీన్ ఏమైంది? వెళ్ళింది షేఖుగానే, 1831లో తిరిగివచ్చింది షేఖుగానే. ఫ్రెంచివారి పరిశుభ్రతను, విద్యాసక్తిని మెచ్చుకొన్నారు. వారి పిసినారితనాన్ని, మతవిషయాల్లో నిర్లక్ష్యాన్ని నిర్మొహమాటంగా దెప్పిపొడిచారు. దగ్గరగా ఉండి చూసినవాడే ఏది తీసుకోవాలో, ఏది వదలాలో చెప్పగలడు.

ఆ యాత్రా గ్రంథం 1834లో బూలాక్ ముద్రణాలయంలో అచ్చయింది. 1835లో కైరోలో అనువాదకుల కోసం భాషల పాఠశాల ఏర్పడింది. తరువాత తహ్తావీగారే దానికి అధిపతి. శాస్త్రం, చట్టం, చరిత్ర, భూగోళం అన్నీ అక్కడ అరబ్బీలోకి వచ్చాయి. మన హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా స్థాపించి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూ పాఠ్యగ్రంథాలు తయారు చేసినవారి పనీ ఇలాంటిదే.

చివరంటా సుఖంగా ఏమీ గడవలేదు. పాషా మనుమడు అబ్బాస్ పాలనలో ఆ పాఠశాల మూతపడింది. తహ్తావీగారిని దూరాన సూడానులోని ఖార్టూమ్‌కు, అదీ ఒక చిన్న బడి నడపమని పంపేశారు. అక్కడా ఊరుకోక ఒక ఫ్రెంచి నవలను అరబ్బీ చేస్తూ కూర్చున్నారు. 1854లో అబ్బాస్ చనిపోయాక కైరోకు తిరిగి వచ్చారు. బాలబాలికలిద్దరి చదువు కోసం ఒక పుస్తకం రాసి, 1873లో కన్నుమూశారు. ఆయన భాషల పాఠశాలకు వారసత్వంగా ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయంలో అల్ అల్సున్ విభాగం ఈనాటికీ నడుస్తున్నది.