అరికాలి పటం ఎక్కడిది?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో షాపింగ్ సెంటర్లలో ఆ బోర్డు మీరూ చూసే ఉంటారు. అరికాలి బొమ్మ గీసి, ఇక్కడ గుండె, ఇక్కడ కిడ్నీ అని రంగులు వేసి పెడతారు. అదే రిఫ్లెక్సాలజీ. "మన పాతకాలం వైద్యమేగా!" అనుకుంటాం. కానీ ఆ పటానికి ఇంకా నూరేళ్ళు నిండలేదండీ.

కాళ్ళు పట్టడం మాత్రం చాలా పాతదే. ఈజిప్టులో సక్కారా దగ్గర అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద కాళ్ళూ చేతులూ పట్టించుకుంటున్న మనుషుల బొమ్మలున్నాయి. వాటి వయసు 4,000 ఏళ్ళకు పైనే. మన ఆయుర్వేదంలో పాదాభ్యంగం ఉంది. అమ్మమ్మలు అరికాళ్ళకు నూనె రాసి మర్దనా చేయడం మనకు తెలిసిందే.

ఇప్పటి రిఫ్లెక్సాలజీ పుట్టిల్లు అమెరికా. అక్కడ చెవి, ముక్కు, గొంతు డాక్టరు విలియం ఫిట్జెరాల్డ్ శరీరాన్ని నిలువుగా 10 భాగాలు చేశారు. ఒక భాగంలో ఒకచోట నొక్కితే, అదే భాగంలో ఇంకోచోట నొప్పి తగ్గుతుందన్నారు. వేళ్ళకు రబ్బరు బ్యాండ్లు, బట్టల క్లిప్పులు కూడా పెట్టి చూశారట! ఎడ్విన్ బోవర్స్‌తో కలిసి 1917లో 'జోన్ థెరపీ' పుస్తకం వేశారు. దాన్ని పాదాల మీదికి తెచ్చింది ఒక మహిళ, యూనిస్ ఇంగమ్. ఒంట్లోని ఏ అవయవానికి అరికాల్లో ఏ చోటో పటం గీశారు. 1938లో పుస్తకం రాసి, ఊరూరా తిరిగి నేర్పారు.

మరి ఇది పనిచేస్తుందా? ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకృతి చికిత్సల మీద సమీక్ష చేయించి 2015లో నివేదిక ఇచ్చింది. రిఫ్లెక్సాలజీ జబ్బులు తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి 16 చికిత్సలకు ప్రైవేటు హెల్త్ ఇన్సూరెన్సులో డబ్బు రావడం ఆగిపోయింది. అప్పటి జాబితాలో రిఫ్లెక్సాలజీతో పాటు యోగా కూడా ఉండేది. రిఫ్లెక్సాలజీ మీద నిషేధం ఏమీ లేదు, ఖర్చు మాత్రం మనదే.

అలసిన కాళ్ళకు హాయి కోసం వెళ్ళండి, తప్పేం లేదు. అయితే కాలు నొక్కి "మీకు కిడ్నీ జబ్బుంది" అంటే నమ్మి బెంగ పెట్టుకోకండి. "ఏ జబ్బూ లేదు" అన్నా నమ్మి మందులు మానకండి.

ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల విషయం. షుగరు ఉండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే ముందు డాక్టరుకో, పాదాల నిపుణులైన పోడియాట్రిస్టుకో చూపించండి. విమానం దిగాక ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉంటే అసలు నొక్కనివ్వకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.