అత్యాచారం కేసు దర్యాప్తు: పోలీసుకు ఏం నేర్పాలి?

మామిడికుదురు మండలంలో దళిత మహిళపై అత్యాచారం జరిగితే కుటుంబం ముందుగా ఎక్కేది నగరం పోలీస్ స్టేషన్ మెట్లే. ఎట్రాసిటీ చట్టం 7వ నియమం ప్రకారం దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తక్కువ కాని అధికారి. కానీ మొదటి ఫిర్యాదు వినేది, రాసేది ఎస్సై, రైటర్, మహిళా కానిస్టేబుల్. డీఎస్పీ వచ్చేలోపు పోయిన సాక్ష్యం మళ్లీ దొరకదు. అందుకే శిక్షణ కింది నుంచి మొదలవ్వాలి.

ఈ మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. 2011లో చూపు లేని షెడ్యూల్డ్ కులాల యువతిపై అత్యాచారం జరిగింది. నిందితుడు ఇంటికి తెలిసినవాడు. ఆమె అతన్ని గొంతు బట్టి గుర్తుపట్టింది. కంటితో చూడలేదు కాబట్టి ఆ సాక్ష్యం తక్కువదేమీ కాదని పటాన్ జమాల్ వలి కేసు తీర్పులో (27 ఏప్రిల్ 2021) కోర్టు తేల్చి, యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. వికలాంగ మహిళలపై లైంగిక హింస కేసుల్లో ఎలా వ్యవహరించాలో పోలీసులకు శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది.

అదే తీర్పులో ఎట్రాసిటీ చట్టం 3(2)(5) కింద పడిన శిక్ష మాత్రం కొట్టేశారు. ఆమె కులం కారణంగానే నేరం జరిగిందనడానికి ప్రాసిక్యూషన్ సాక్ష్యం పెట్టలేదన్నారు. అది పాత చట్టం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం బాధితురాలి కులం నిందితుడికి తెలిసి ఉంటే చాలు. నిందితుడికి ఆమెతో గానీ కుటుంబంతో గానీ పరిచయం ఉందని చూపితే, కులం తెలుసనే కోర్టు భావించాలని 8(సి) చెబుతోంది. అంటే దర్యాప్తు అధికారి అడగాల్సిన ప్రశ్నలు మామూలువే: ఎన్నాళ్ల పరిచయం? ఎవరి పొలంలో పని? ఇల్లు ఏ పేటలో? ఇవి వాంగ్మూలంలోకి ఎక్కకపోతే కులం కేసులోంచి జారిపోతుంది. తరగతి గదిలో సెక్షన్లు బట్టీ పట్టించే శిక్షణతో ఇది రాదు.

దర్యాప్తు చెడితే ఏమవుతుందో వాకపల్లి చూపింది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచారం ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని తప్పుపడుతూనే బాధితులకు పరిహారం ఇవ్వమంది. నిందితులను గుర్తించే పరేడ్ కూడా జరపలేదు. పోలీసులే నిందితులైన చోట శిక్షణ ఒక్కటే సరిపోతుందా అన్నది న్యాయమైన సందేహమే.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. బాధితురాలి వాంగ్మూలం ఆమె ఇంట్లో లేదా ఆమె కోరిన చోట, వీలైనంత వరకు మహిళా అధికారే తీసుకోవాలి. సమాచారం అందిన 24 గంటల్లో, ఆమె సమ్మతితో వైద్య పరీక్షకు పంపాలి. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేస్తే అది దుష్ప్రవర్తనే అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి. తడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో పెడితే మరకలు పాడవుతాయి, ఆరబెట్టి కాగితం కవర్లో సీలు వేయాలి. ఇంత చిన్న సంగతి తెలియకే కేసు బలహీనపడవచ్చు.

తొలి దిశ పోలీస్ స్టేషన్ 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మొదలైంది. అప్పుడు మామిడికుదురు కూడా ఆ జిల్లాలోదే. భవనాలకూ యాప్‌కూ జరిగినంత ప్రచారం వాంగ్మూలం తీసుకునే పద్ధతికి దక్కలేదు.

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే న్యాయ సంహిత 199 కింద ఆ పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది. ఎట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కూడా విధి నిర్లక్ష్యాన్ని నేరమే అంటుంది. అయితే దానికి ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. కాబట్టి ఫిర్యాదు ఇచ్చిన తేదీ, సమయం, తీసుకున్న అధికారి పేరు అదే రోజు రాసిపెట్టుకోండి.