వీధిలో బట్టీ, ఇంట్లో ఇసుక కుక్కరు

ఓరుగల్లులో ఒక రూక ఇస్తే కడుపునిండా భోజనం పెట్టేవారు. 'క్రీడాభిరామం' చదివినవాళ్ళకు ఆ విస్తరి బాగా గుర్తుంటుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధాని వీధుల్లో తిరుగుతూ ఉండగా పూటకూటి ఇంటి ప్రస్తావన వస్తుంది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, కమ్మని పెరుగు. ఈ కావ్యం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఎవరిదైనా కానివ్వండి, ధరతో సహా భోజనం పట్టిక రాసిపెట్టి మనకు గొప్ప మేలు చేశారు. రాజుల విందుల గురించి రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. బాటసారి డబ్బిచ్చి తిన్న అన్నం గురించి ఇంత ఇష్టంగా రాసినవాళ్ళు అరుదు.

పూటకూళ్ళు మన ఊళ్ళలో చాలాకాలం బతికాయి. కోర్టు పనిమీద పట్నం వచ్చిన రైతు, కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తా, ఇంగ్లీషు చదువుకు వచ్చిన కుర్రాడు, వీళ్ళందరికీ అన్నం అక్కడే. ఆ పొయ్యి దగ్గర తరచూ ఉండేది భర్త పోయిన ఒక ఆడమనిషి. ఆస్తి మీద గట్టి హక్కు లేదు, మళ్ళీ పెళ్ళి మాట లేదు, చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గురజాడ ఆమెను మన ముందు నిలబెట్టాడు. నాటకం చూసినవాళ్ళు వేశ్య మధురవాణి ఇంట్లో ఆమె కొట్టిన చీపురు దెబ్బకు పడీపడీ నవ్వుతారు. నాకు మాత్రం ఆ పాత్ర తలుచుకుంటే వేరే సంగతి కనిపిస్తుంది. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆమె చేతి అన్నం తిన్నారు, మోసగాడు గిరీశం ఆమె డబ్బు కూడా తిన్నాడు, కానీ ఆమెకు పేరు లేదు. నాటకం పొడుగునా ఆమె పూటకూళ్ళమ్మే.

తర్వాత కాఫీ హోటళ్ళు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. బ్రాహ్మణ భోజన హోటలు అని తలుపు మీదే రాసేవారు. ఎవరు లోపల కూర్చోవాలి, ఎవరు వసారాలో తినాలి అన్నది కులం తేల్చేది. టీ బడ్డీల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా సాగింది, కొన్నిచోట్ల సమసిపోయిందని గట్టిగా చెప్పలేం కూడా. రైల్వే స్టేషన్లలో హిందువుల నీళ్ళు, ముస్లింల నీళ్ళు వేరుగా ఉండేవి. బయట తినడమంటే ఆకలికి సంబంధించిన పని అనుకుంటాం గానీ, మన దేశంలో అది ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు అన్న ప్రశ్నతోనే మొదలైంది.

అందుకే హైదరాబాదు ఇరానీ హోటలు నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఇరాన్‌తో ఈ నగరానికి ఉన్న చుట్టరికం చాయ్ కంటే పాతది. 1591లో ఊరు పుట్టినప్పుడే కుతుబ్‌షాహీల పేష్వాగా నగర రూపకల్పన చూసిన మీర్ మోమిన్, ఇరాన్‌లోని అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అదే ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి పేదరికం తరిమితే బయలుదేరినవాళ్ళు ముందు బొంబాయిలో, పుణెలో దిగారు. అక్కడ హోటళ్ళ పని నేర్చుకున్నారు. కొందరు నిజాం రాజ్యానికి వచ్చారు. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935లో పెట్టారు. దానికి నడకదూరంలో మొజంజాహీ మార్కెట్ కూడా ఆ ఏడే లేచింది.

పాలరాతి బల్ల, చెక్క కుర్చీ, గోడకు అద్దం, గల్లా దగ్గర యజమాని. ఒక చాయ్ చెప్పి గంటసేపు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. రిక్షా కార్మికుడు, వకీలు, కాలేజీ కుర్రాడు ఒకే బల్ల పంచుకునేవారు. ఒకరు తాగిన కప్పునే కడిగి ఇంకొకరికి ఇచ్చేవారు. నువ్వెవరివి అని అడిగే అలవాటు ఆ హోటలుకు లేదు. రెండు గ్లాసుల ఊరి నుంచి వచ్చిన మనిషికి ఆ కప్పు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. అబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్న రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, పాత్రికేయులు, రాజకీయ కార్యకర్తలు అక్కడ కూర్చుని వాదించుకున్నారు. ఓరియంట్ ఇప్పుడు లేదు. దాని జాగాలో మనం ఏం కట్టుకున్నా ఆ లోటు తీరలేదన్నది నా అభిప్రాయం.

ఇరానీ చాయ్‌లో పాలూ డికాక్షనూ కలిపి మరగనివ్వరు. తేయాకు ఒక పాత్రలో, మూత బిగించి, సన్నని సెగ మీద దమ్ములో ఉంటుంది. పాలు పక్క పొయ్యి మీద చిక్కబడి మీగడ రంగుకు తిరిగేదాకా కాగుతూనే ఉంటాయి. అడిగినప్పుడు కప్పులో ముందు డికాక్షను పడుతుంది, దాని మీద పాలు. పౌనా అన్నవాళ్ళకు ఒక లెక్క, ఖడక్ అన్నవాళ్ళకు ఇంకో లెక్క. ఆ చెయ్యి తిరగడానికి ఏళ్ళు పడుతుంది.

కప్పు పక్కన ఉస్మానియా బిస్కెట్టు ఉండాల్సిందే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిందని అందరూ అంటారు. ఆసుపత్రి రోగుల కోసం మొదట చేశారని ఒక కథ, నిజాం ఒక హోటలు నుంచి రోజూ తెప్పించుకునేవాడని ఇంకో కథ. రెండూ కథలుగానే చెప్పుకోవడం మంచిది. రుచి మాత్రం ఖాయం: ఒక పక్క తీపి, వెనకే ఉప్పు, చాయ్‌లో ముంచిన క్షణంలోనే మెత్తబడే గుణం. సింధు నుంచి విభజన కాందిశీకుడిగా వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్లో కరాచీ బేకరీ పెట్టాడు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ సినిమాహాలును ఆనుకుని ఆ ఏడాదే మొదలైన చిన్న చాయ్ సమోసా హోటలు తర్వాత బిర్యానీకి మారుపేరయింది. యజ్ద్ వాళ్ళు, సింధు వాళ్ళు, ఇక్కడి వాళ్ళు, అందరూ కలిస్తే ఈ ఊరి పలహారం తయారైంది.

ఈ బిస్కెట్ల వెనక బట్టీ ఉంది. ఇటుకలతో కట్టి, లోపల గుమ్మటంలా వంచిన పొయ్యి. కట్టెలు లోపలే కాల్చి, నిప్పులు పక్కకు లాగేసి, వేడెక్కిన ఇటుకల సెగ మీద కాలుస్తారు. సెగ తీక్షణంగా ఉన్నప్పుడు రొట్టె. కాస్త తగ్గాక బన్నులు. ఇంకా దిగాక బిస్కెట్లు, ఖారా. వాటికి నెమ్మదైన వేడే కావాలి, లేకపోతే అంచులు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. చెక్క పిడి ఉన్న పొడవాటి తెడ్డుతో రేకులను లోపలికి తోసే మనిషి చెయ్యి కాసేపు లోపల పెట్టి చూసి వేడి చెప్పేస్తాడు. ఏ గడియారమూ, ఏ ముల్లూ అక్కర్లేదు.

ఆ బట్టీ వీధిలో ఇళ్ళవాళ్ళకు కూడా పనికొచ్చేది. మొహర్రం రోజుల్లో పాతబస్తీ ఇళ్ళలో రవ్వ, పంచదార, నెయ్యి, బాదం పప్పులు కలిపి దమ్ కే రోట్ పిండి తడిపి, పళ్ళెంలో సర్ది, గుడ్డ కప్పి బేకరీకి పంపేవారు. కాలాక ఇంటికి తెచ్చుకునేవారు. కోస్తా పట్నాల్లోనూ వేసవి సెలవుల్లో పిల్లల చేత మైదా, పంచదార, డాల్డా డబ్బా మోయించి బిస్కెట్లు కాల్పించుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళే సరుకు ఇస్తారు, బేకరీవాడు కూలి తీసుకుంటాడు. తిరిగొచ్చిన కిరసనాయిలు డబ్బా నిండా బిస్కెట్లు ఉంటే ఆ సెలవులు సెలవులే. ఇంట్లో ఓవెన్ లేదని ఎవరూ బాధపడలేదు. వీధికంతా ఒకటి ఉంది కదా.

అసలు మన వంటింటికి పైసెగ తెలియదనుకోవడం పొరపాటు. గోదావరి జిల్లాల దిబ్బరొట్టె చూడండి. మినప్పప్పు, బియ్యపు రవ్వ కలిపిన పిండిని అడుగు మందమైన మూకుడులో నూనె మీద రెండంగుళాల మందాన పోస్తారు. కుంపటి మీద పెట్టి, మూత వేసి, ఆ మూత మీద కూడా నిప్పులు పరుస్తారు. కింద ఎర్రగా కరకరలాడుతూ, పైన కూడా రంగు తిరిగి, లోపల గుల్లగా ఉబ్బుతుంది. పుల్లటి పచ్చడితోనో, చెరుకు పానకంతోనో వేడివేడిగా తినాలి. తెలంగాణలో సర్వపిండి ముద్దను గిన్నె లోపలి గోడలకంతా పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి సన్నని సెగ మీద కాలుస్తారు. కొందరు దాన్ని గిన్నెప్ప అనే అంటారు. బిర్యానీ దమ్ములో కూడా మూత మీద నిప్పులే. ఈ మూడూ తెలిసిన చేతులకు కేకు ఎంత కొత్త?

కావలసిన సామాన్లు ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. డాల్డా 1937లో వచ్చింది. ప్రెషర్ కుక్కర్లు 1959 ప్రాంతంలో ఇక్కడే తయారు కావడం మొదలైంది. 1965లో ఇండేన్ గ్యాస్ తొలి కనెక్షన్ ఇచ్చారు, ప్రభుత్వం మోడరన్ బ్రెడ్ సంస్థను పెట్టింది కూడా ఆ ఏడే. అప్పటిదాకా మన ఇళ్ళలో బ్రెడ్డంటే జ్వరం వచ్చినవాళ్ళకు పాలల్లో నానబెట్టి ఇచ్చే పథ్యం. గ్యాసు మంట వచ్చాక సెగను తగ్గించి, అలాగే గంటసేపు నిలపడం చేతికి వచ్చింది. కేకుకు కావలసింది అదే.

అలా పుట్టింది ఇసుక కుక్కరు కేకు. ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి కుక్కరు అడుగున రెండు వేళ్ళ మందాన పోస్తారు. కొందరు ఉప్పు పోస్తారు. గాస్కెట్టు, విజిలు తీసేసి మూత పెట్టి పది నిమిషాలు వేడెక్కనిస్తారు. ఈలోగా వెన్నా, పొడి చేసిన పంచదారా తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొడతారు. గుడ్లు ఒక్కొక్కటే కలుపుతారు. మైదా, వంటసోడా మూడుసార్లు జల్లించి, మెల్లిగా, ఒకే వైపు తిప్పుతూ కలుపుతారు. గిన్నెకు నెయ్యి రాసి, మైదా చల్లి, ఆ పిండి పోసి ఇసుక మీద స్టాండు పెట్టి దించుతారు. సన్నని మంట మీద నలభై నిమిషాలు. మధ్యలో మూత తీస్తే కుంగిపోతుందని పిల్లలను వంటింటి గుమ్మం దాటనిచ్చేవారు కాదు. చివరికి కడిగిన చీపురుపుల్ల గుచ్చి చూస్తారు, పొడిగా వస్తే అయిపోయినట్టే. గుడ్డు గడప దాటని ఇళ్ళలో పెరుగూ సోడాతోనో, మిల్క్‌మెయిడ్ డబ్బాతోనో అదే పని సాగింది. ఒక్క మాట: ఖాళీ కుక్కర్ని నీళ్ళు లేకుండా వేడి చేస్తే పాడవుతుందని తయారీదార్లు హెచ్చరిస్తారు. పాత మందపాటి అల్యూమినియం డేకిసా అయితే ఆ బెంగ ఉండదు.

ఇదంతా ఆడవాళ్ళు ఇంట్లోనే ఎందుకు చేసుకున్నారంటే, ఇష్టం ఒక కారణం. రెండోది చెప్పకుండా ఉండలేను. నేను ఇంత మెచ్చుకున్న ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకు బల్ల లేదు. కొన్నిచోట్ల తెర కట్టిన ఫ్యామిలీ రూము ఉండేది, అంతే. కులం అడగని హోటలు కూడా ఆడమనిషి ఒంటరిగా వచ్చి కూర్చుని చాయ్ చెబితే వింతగా చూసింది. ఆమెకు హోటలు రుచి పార్శిలు పొట్లంలోనే చేరింది. అలా చేరిన రుచిని ఆమె మళ్ళీ తన పొయ్యి మీద సాధించింది. మన తిండి చరిత్ర రాసేవాళ్ళు హోటళ్ళ యజమానుల పేర్లు, ప్రారంభించిన ఏళ్ళు రాస్తారు. ఈ సాధన ఎక్కడా నమోదు కాలేదు, అక్కాచెల్లెళ్ళ నోట్‌బుక్కుల్లో తప్ప.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హోటళ్ళూ బేకరీలూ మూసినప్పుడు ఆ నోట్‌బుక్కులు మళ్ళీ తెరుచుకున్నాయి. పుట్టినరోజు కేకు కావాలి, దుకాణం లేదు. ఇంట్లో చేసినవాళ్ళు పక్కింటికి ఇచ్చారు, పక్కింటివాళ్ళు డబ్బిచ్చి అడిగారు. ఇవాళ విజయవాడ, వరంగల్, తిరుపతి, ఏ ఊళ్ళో చూసినా అపార్ట్‌మెంటుకు ఒకరైనా ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్మే గృహిణి కనిపిస్తోంది. చిన్న ఓటీజీ ఓవెన్, ఒక తక్కెడ, ఫోన్‌లో వాట్సాప్ ఆర్డర్లు. ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు చేయించుకుని, తన పేరునే డబ్బా మీద అచ్చు వేయించుకుంటోంది. ఈ చివరి సంగతి నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది.

ఇరానీ హోటళ్ళ పరిస్థితి అలా లేదు. మూలమలుపు స్థలాల అద్దెలు పెరిగాయి, పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్ళారు, నిలబడి తాగి వెళ్ళే చాయ్ దుకాణాలు వీధివీధినా వచ్చాయి. ఒక్క కప్పుకు గంటసేపు కుర్చీ ఇచ్చే లెక్క ఇప్పటి ధరల్లో నిలవడం కష్టం. ఉన్నవి నిలవాలంటే మనం వెళ్ళి కూర్చోవాలి, అమ్మనూ అక్కనూ వెంటబెట్టుకుని వెళ్ళి మధ్య బల్ల దగ్గర కూర్చోవాలి, చాయ్‌తో పాటు సమోసా, బన్ను కూడా చెప్పాలి.

ఈ డిసెంబరు 31న బేకరీ ముందు వరుసలో నిలబడే ముందు మీ వీధిలో ఎవరైనా ఇంట్లో కేకులు చేస్తున్నారేమో కనుక్కోండి. ఉంటే నాలుగైదు రోజుల ముందే చెప్పండి. ఇంటి ఓవెన్‌లో ఒక వాయికి ఒకటి రెండు కేకులే పడతాయి.